రాజూ రాణీ మోసిన పడుగు

బడిలో సంఘాలంటే, కొత్తగా ఉద్యోగంలో చేరిన మీకు నవ్వులాటగా ఉండొచ్చు. శుక్రవారం చివరి రెండు పీరియడ్లు పుస్తకాలు మూసేస్తారు, పిల్లలకు పండుగ, పంతుళ్లకు తీరిక, ఇంతేగా అనుకుంటారు. నన్నడిగితే నా ఉద్యోగం మొత్తంలో నన్ను ఎక్కువ భయపెట్టినవి ఆ రెండు పీరియడ్లే. పాఠం తప్పుగా చెబితే మర్నాడు దిద్దుకోవచ్చు. పిల్లవాడికి ఒక ఆశ పెట్టి నిలబెట్టలేకపోతే ఏ పీరియడ్లో దిద్దుతాం?

నాకు భయం ఉగ్గుపాలతోనే పట్టించానని మా అమ్మ అనేది. మాది మక్తల్. అరవైల మొదట్లో నన్ను మోత్కూరు దిక్కున్న ఒక ఊరి హైస్కూలుకు సాంఘికశాస్త్రం చెప్పడానికి వేశారు. ఆ బడిలో ఆడ టీచరును నేనొక్కదాన్నే. హెడ్మాస్టరు ఉర్దూలో చదువుకుని తెలుగు బడి నడుపుతున్న పెద్దమనిషి. మాట మెత్తన, మనసు ఇంకా మెత్తన. నేను చేరిన వారానికే ఆయన అందరినీ కూర్చోబెట్టి సంఘాలు పంచారు. డ్రిల్ సారుకు స్కౌట్లు, సైన్సు సారుకు తోటపని, తెలుగు పండితుడికి వక్తృత్వం. చివరికి నాటకం మిగిలింది. అందరూ కిటికీలోంచి బయటకు చూడడం మొదలుపెట్టారు.

"అమ్మా, నాటకం మీరు చూసుకోన్రి," అన్నారు హెడ్మాస్టరు.

"సార్, నాకు నాటకం చూసుడే తెలుసు గాని ఆడిచ్చుడు తెల్వది."

"చూసిన్రు గద, సగం పని అయినట్టే. ఫికర్ చెయ్యకున్రి."

నాకు ఫికర్ చెయ్యొద్దని చెప్పడం, చేపకు తడవొద్దని చెప్పడం ఒకటే. ఆ రాత్రే నా దిగులు మొదలైంది.

నాటకం నేనే రాశాను. గొప్పదేమీ కాదు. కోటగోడ కోసం ఊరి మామిడితోట కొట్టెయ్యమన్న రాజును రాణి ఎదిరిస్తుంది, అదీ కథ. రాజు వేషానికి పటేలు గారి కొడుకు దొరికాడు. మంత్రికి దర్జీ గారి అబ్బాయి, బక్కగా ఉన్నా నడకలో దర్జా ఉన్నవాడు. చిక్కంతా రాణితోనే వచ్చింది. బడిలో ఆడపిల్లలు పిడికెడు మంది. వాళ్లను స్టేజీ ఎక్కిస్తే మర్నాటి నుంచి బడికే పంపరు. అంటే రాణి కూడా మగపిల్లవాడే కావాలి.

తొమ్మిదో తరగతిలో నేతపని వాళ్ల పిల్లవాడొకడు మధ్యాహ్నం పాఠంలో కునికేవాడు. తెల్లవారకముందే లేచి ఇంట్లో మగ్గం పనిలో చెయ్యి పెట్టి బడికి వస్తాడని తర్వాత తెలిసింది. ఒక శుక్రవారం వాడి నిద్ర వదిలిద్దామని రాణి మాటలు చదవమన్నాను. రాణికి కోపం వచ్చే చోట అందరూ గొంతు చించుకునేవాళ్లు. వీడు గొంతు తగ్గించాడు. సన్నటి గొంతు, అయినా చివరి బెంచీ దాకా వినిపించింది. రాజు వేషం వాడు నిజంగానే తలదించుకున్నాడు. నాకు ఒళ్లు జల్లుమంది. వెంటనే భయం వేసింది. వీణ్ణి ఇంట్లోవాళ్లు ఆడనిస్తారా?

అడగడానికి వాళ్లింటికి వెళ్లాను. తండ్రి గుంతమగ్గంలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. తల్లి పక్కన కండెలు చుడుతోంది. నేను విషయం చెప్పినా ఆయన చెయ్యి ఆగలేదు.

"ఆడేసమా? ఏసుకోనియ్యి పంతులమ్మా. చీరెలు నేసేటోళ్లం, ఒక్కపూట కట్టుకుంటే ఏం పాయె?"

హమ్మయ్య అనుకున్నాను. అప్పుడాయన నేత ఆపి నా వైపు తిరిగాడు.

"గానీ ఒక్క మాట. మా పెద్దోడు షోలాపూర్ మిల్లుకు పోయె. ఇంట్ల ఇగ నావి రెండు చేతులు, వీనివి రెండు. పడుగు సాపిన పొద్దు వీడు నాకు గావాలె. ఆ పొద్దు నాటకమని గుంజుకపోయిన్రో, మర్నాడే బడిల పేరు కొట్టేపిస్త. మల్ల అడగొద్దు."

"మాటిస్తున్న అన్నా. పడుగు దినం పిల్లగాడు మీ కాడనే ఉంటడు."

"మాటన్నరు," అని ఆయన మళ్లీ నేతలో పడ్డాడు. వెనకాల నిలబడ్డ పిల్లవాడి ముఖం వెలిగిపోయింది. నేను మాత్రం వాడి చదువంతా ఒక్క మాట మీద వేలాడదీసి వచ్చాను.

పడుగు అంటే మగ్గానికి నిలువుగా ఎక్కించే నూలు. ఎక్కించే ముందు దాన్ని వీధి పొడవునా చాపి, కట్టెల మీద బిగువుగా నిలబెట్టి గంజి పట్టిస్తారు. పెద్ద కుంచెను చెరో కొసన ఇద్దరు పట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు దువ్వుకుంటూ పోతారు. మిగతావాళ్లు తెగిన పోగులు అతుకుతుంటారు. ఎండ ముదరకముందే ఈ పనంతా అయిపోవాలి. మధ్యలో వాన జల్లు పడిందా, గంజి కరిగి పోగులన్నీ ముద్ద కడతాయి, ఆ ఇంటి కష్టం నీళ్లపాలే. వీధి ఒక్కటే, ఇళ్లు చాలా. అందుకని వంతులుంటాయి. ఒకరి పడుగుకు అందరూ చేతులేస్తారు. చాపిన పడుగును ఎవరూ దాటరు, దాని దగ్గరికి చెప్పులతో పోరు.

నాటకం పిల్లల నోటికి వస్తున్న కొద్దీ నేను ఆకాశం చూడడం ఎక్కువైంది. రోజూ పొద్దున వాణ్ణి పట్టుకుని, "మీ వంతు ఎప్పుడురా?" అని అడిగేదాన్ని.

డ్రిల్ సారుకు ఇది వేడుక. "మేడం, మీరు నాటకం ఆడిపిస్తున్నరా, పడుగులకు కావలి కాస్తున్నరా?" అనేవాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

నల్లగొండలో జిల్లా బడుల నాటక పోటీ శనివారం మధ్యాహ్నమని కబురొచ్చింది. నేను పరుగున నేతవాడకు పోయాను. తండ్రి వేళ్లు ముడిచి లెక్క చూశాడు. ఇంకా రెండిళ్ల వంతులు దాటితే గాని తమది రాదన్నాడు. దానికి తోడు ఆ వారమంతా ముసురు పట్టింది. ఎవరి వంతూ కదల్లేదు. వాడకట్టంతా దిగులుగా కూర్చుంటే, వాన చూసి లోలోపల సంతోషపడిన పాపిష్టిదాన్ని నేనొక్కదాన్నే.

ఊళ్లో బాగోతాలకు ముఖాలకు రంగు పూసే తాత ఒకాయన ఉండేవాడు. నల్లగొండకు రమ్మంటే, "బస్సెక్కితే నాకు కక్కులే బిడ్డా," అని చేతులు జోడించాడు. ఇక ఆలోచించి ఆలోచించి మేము చేసిన ఏర్పాటు ఇది. పిల్లలు ముందురోజే బడిలో పడుకుంటారు. తెల్లవారుజామున తాత వచ్చి రంగులు పూస్తాడు. వేషాలతోనే పొద్దుటి బస్సు ఎక్కుతాం. రోజుకు అదొక్కటే మధ్యాహ్నంలోపు నల్లగొండ చేర్చే బస్సు. రంగు చెదిరిపోకుండా దారంతా ఎవరూ నవ్వకూడదని మాకు తోడొస్తున్న డ్రిల్ సారు ఆజ్ఞ.

శనివారం తెల్లవారేసరికి ముసురు విడిచింది. ఆకాశం శుభ్రంగా ఉంది. రాజు, మంత్రి, భటులు తయారయ్యారు. చివరగా రాణికి చీర కట్టి, బొట్టు దిద్ది తాత పక్కకు జరిగాడు. చూసి మురిసిపోతున్నాను. అప్పుడు వాళ్లమ్మ రొప్పుకుంటూ బడి గేటులోకి వచ్చింది.

"పంతులమ్మా, పడుగు సాపినం," అంది. "మా ముందటి రెండిండ్లోళ్లకు సావు కబురొస్తె రాత్రికి రాత్రే పోయిన్రు. సుట్టాలందరు ఆళ్ల ఎంటనే పోయిన్రు. జాగ ఖాళీగున్నది, మొగులు లేదని ఈ మనిషి గంజి ఎక్కిచ్చిండు. ఇగ జూస్తె చేతులు సాల్తలెవ్వు. పిల్లగాణ్ణి తోలుకరమ్మన్నడు."

ముసురు తర్వాత దొరికిన మొదటి తెల్లటి పొద్దును ఏ నేతగాడు వదులుకుంటాడు? వీధి ఖాళీ కావడం చూశాడు గాని, వీధితోపాటు మనుషులూ ఖాళీ అయ్యారన్నది గంజి పట్టించాకే తోచింది.

డ్రిల్ సారు నన్ను పక్కకు పిలిచాడు. "మేడం, ఒక్క పూటనే గద. ఆళ్ల నాయినకు నేను జెప్త. బస్సచ్చే యాల్లయింది."

"నేను మాటిచ్చిన సార్. ఇప్పుడు తీస్కపోతే రేపు వాడు బడిల ఉండడు."

"మరి నాటకం?"

పిల్లవాడు మా ఇద్దరి ముఖాలూ చూశాడు. చీర కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని వీధి వైపు పరుగెత్తాడు. వాడి వెనక వాళ్లమ్మ, ఆమె వెనక నేను, నా వెనక రాజు, మంత్రి, భటులు. డ్రిల్ సారు బస్సు ఆపడానికి అటువైపు పరుగెత్తాడు.

వీధి పొడవునా పడుగు తెల్లగా చాపి ఉంది. కుంచె ఒక కొస తండ్రి పట్టుకున్నాడు. రెండో కొస పట్టిన పొరుగింటి ముసలాయన అప్పటికే ఆయాసపడుతున్నాడు. తండ్రి కొడుకును చూశాడు. ఎర్రటి పెదాలు, కాటుక, పట్టుచీర. నవ్వలేదు. "కుంచె పట్టు," అన్నాడు. పిల్లవాడు చెంగు నడుముకు చెక్కి ముసలాయన చేతిలోంచి కుంచె అందుకున్నాడు. నేతవాళ్ల పిల్లలే ఇంకో ఇద్దరు మా భటుల్లో ఉన్నారు. వాళ్లు ఎవరూ చెప్పకుండానే పోగులు అతకడానికి కూర్చున్నారు.

అంతలో బస్సు హారను వినిపించింది. మళ్లీ వినిపించింది. కాసేపటికి ఇంజను చప్పుడు ఊరు దాటిపోయింది. రాజుగారు ఒక ఇంటి అరుగు మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టారు. ఎన్ని నెలల శ్రమ! నాకూ ఏడుపొచ్చింది. కాని రాణి ఏడవలేదు. తండ్రి అడుగుకు తన అడుగు కలుపుతూ దువ్వుకుంటూ పోతున్నాడు.

నకిరేకల్ వైపు నుంచి మబ్బు లేవడం నేనే ముందు చూశాను. ఇన్నాళ్లు ఆకాశం చూసిన అలవాటు. చెప్పాలా వద్దా అని తేల్చుకునేలోపే తండ్రి తలెత్తాడు. ఆయన చేతిలో కుంచె ఆగింది.

"అయ్యో దేవుడా," అంది తల్లి.

చుడితే తడి పోగులు అంటుకుపోతాయి. ఉంచితే తడిసిపోతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పడుగు పోతే ఆ ఇల్లు గడవదు. ఇల్లు గడవకపోతే ఇచ్చిన మాట నిలబెట్టినా ఆ పిల్లవాణ్ణి ఇక బడికి ఎవరు పంపుతారు? నేను పిచ్చిదానిలా ఇటూ అటూ చూశాను. వీధి తిన్నగా వెళ్లి మా బడి ముందే ఆగుతుంది. వరసగా ఉన్న గదుల ముందు, పెంకులు కప్పిన పొడవాటి వరండా.

"అన్నా, బడి వరండల పెడితే?"

"లేపుకపోయా? పడుగు యాడన్న నడుస్తదా పంతులమ్మా?"

"నడిపిద్దాం. పిల్లలున్నరు గద."

"ఒక్కడు సడలిచ్చిన, ఒక్కడు తప్పు అడుగేసిన, చిక్కు వడి అంత ఖతమైతది."

అది నాకు తెలియదా? నడిపించి చెడగొడితే ఆ పాపం నాదే. ఆయన మబ్బు వైపు చూశాడు, కొడుకు వైపు చూశాడు. ముంజేతి మీద ఒక చినుకు పడింది.

"చెప్పులిడువున్రి. లేపున్రి," అన్నాడు.

పడుగు కింద అడ్డంగా ఉన్న ఒక్కో కట్టెకు అటొకరు ఇటొకరు నిలబడ్డారు. పటేలు కొడుకుకు ఎదురుగా దర్జీ కొడుకు, భటుడికి ఎదురుగా పొరుగింటి ముసలాయన. ముందు కొసన తండ్రి. బస్సు ఆపలేక వగరుస్తూ వచ్చిన డ్రిల్ సారు వెనక కొస పట్టాడు, రాణి ఆయన పక్కన. అలవాటు కొద్దీ డ్రిల్ సారు ఈల నోట్లో పెట్టుకున్నాడు.

"సీటీ ఊదకు సారూ! పిల్లగాండ్లు బెదురుతరు," అని ముందు నుంచి తండ్రి కేక పెట్టాడు.

డ్రిల్ సారు తన జన్మలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు. "ఏక్... దో... ఏక్... దో..." రంగు ముఖాల పిల్లలు అడుగులో అడుగు వేశారు. పడుగు మొత్తం ఒక్కసారిగా కదిలింది. నేను ముందు నడుస్తూ కుక్కల్ని, మేకల్ని అదిలించాను. ఆ పూట అంతకు మించి నాకేమీ చేతకాలేదు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. ఎవడైనా తట్టుకుని పడతాడేమో, ఏ కోడి అడ్డం వస్తుందో అని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిచాను. ముందు కొస వరండా ఎక్కిందో లేదో వాన దబదబా అందుకుంది. చివర రెండు బారలు తడిసిపోయాయి. రాణి, డ్రిల్ సారు ముద్దయ్యారు. మిగతాదంతా లోపలికి వచ్చింది.

హెడ్మాస్టరు గొడుగు వేసుకుని వచ్చేసరికి బడి వరండా ఈ చివర నుంచి ఆ చివరకు పడుగు.

"ఇదేందమ్మా? మీరు నల్లగొండల ఉండాలె గద!"

ఏడుస్తున్నానో చెబుతున్నానో తెలియకుండా చెప్పాను. ఆయన అంతా విని, బూట్లు విప్పి మెట్ల కింద పెట్టి, గోడకు ఆనుకుని తన గదిలోకి వెళ్లారు. పడుగును దాటకూడదు, తరగతులు ఆపకూడదు. ఆ పొద్దు బడికి వచ్చిన పిల్లలంతా వెనకవైపు ఊచలు లేని కిటికీల్లోంచి తరగతుల్లోకి దిగారు. తెలుగు పండితుణ్ణి ఇద్దరు పిల్లలు పైకెత్తాల్సి వచ్చింది.

మా రాణి వరండా చివర గోడకు ఆనుకుని కూర్చున్నాడు. రంగంతా కారి మెడ మీద చారలు కట్టింది.

"నాటకం పోయింది గద టీచర్," అన్నాడు.

"పోయింది బిడ్డా."

వచ్చే ఏడు ఆడదామని నోటిదాకా వచ్చింది, అనలేదు. అనకపోవడమే మంచిదైంది. మరుసటి ఏటికి వాడి గొంతు మారిపోయింది. ఆ గొంతును ఆ ఊరి బయట ఎవరూ వినలేదే అని నాకు ఇప్పటికీ బాధే. పోటీకి ఎందుకు రాలేదని పైనుంచి సంజాయిషీ అడిగారు. 'వాన' అని హెడ్మాస్టరు ఒక్క ముక్క రాసి పంపారు. అది అబద్ధం కాదు.

నా గండం అక్కడితో తీరలేదు. సోమవారం పిల్లవాడు బడికి రాలేదు. మంగళవారం కూడా రాలేదు. తడిసిన ఆ రెండు బారల గురించే నా ఆలోచనంతా. మాట తప్పలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను. వాళ్లింటి వైపు పోదామంటే కాళ్లు రావడం లేదు. బుధవారం హెడ్మాస్టరు పిలుస్తున్నారని చప్రాసీ వచ్చాడు. వెళ్తే గదిలో పిల్లవాడి తండ్రి, తలరుమాలు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంకేముంది, పేరు కొట్టించడానికే అనుకున్నాను.

"అన్నా, వాని పేరు తీపియ్యకున్రి," అనేశాను. ఆయన నోరు తెరవనే లేదు.

ఆయన తెల్లబోయాడు. "పేరా? గదేం లేదమ్మా. తడిసిన కాడ పోగులు అతుకనీకె పిల్లగాణ్ణి ఆపుకున్న. రేపు తోలిస్త. నేనచ్చింది ఇంకో పని మీద." హెడ్మాస్టరు వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "సాబ్, వానకాలమంత మా పడుగులు ఆగిపోతున్నయి. తెల్లారి పూట జర ఆ వరండ ఇయ్యరాదున్రి? మా వాడకట్టోళ్లందరు అడగమన్నరు."

హెడ్మాస్టరు చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. "సర్కారు బడి ఇది. మగ్గాల కార్ఖాన గాదు," అన్నారు. "అందుకని ఒక షరతు. గంట కొట్టేదాంకనే. కొట్టంగనే మీ పిల్లలు ఎవరున్నా క్లాసుల కూసోవాలె. పడుగు అయినా కాకున్నా. మీ వాని ఆఖరు పరీక్ష అయ్యేదాంక ఇదే మాట."

తండ్రి వెంటనే ఒప్పుకోలేదు. పడుగు మధ్యలో చెయ్యి తీయడమంటే ఏమిటో ఆయనకు తెలుసు. "సూద్దాం సాబ్," అని మాత్రం అని వెళ్లిపోయాడు. ఆ 'సూద్దాం' నన్ను ఇంకో వారం తినేసింది.

మళ్లీ ముసురు పట్టిన రోజు పొద్దున్నే బడికి పోయాను. వరండాలో వాళ్ల పడుగే ఉంది. తల్లి, వాడకట్టువాళ్లు నలుగురైదుగురు పోగులు చూస్తున్నారు. తండ్రీ కొడుకులు కుంచె పట్టుకుని దువ్వుతున్నారు. ఆ రోజు ఎందుకో పని ఆలస్యమైంది. ఇంకా సగం పడుగు తడిగానే ఉంది. చప్రాసీ గంట దగ్గరికి వెళ్లి నా వైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను. గంట మోగింది.

పిల్లవాడు కుంచె వదల్లేదు. వంచిన తల ఎత్తలేదు. తండ్రి రెండడుగులు వేసి కొడుకు దగ్గరికి వచ్చాడు. వాడి వేళ్లు తానే విప్పి కుంచె తీసుకుని, ఆ కొస భార్య చేతికిచ్చాడు.

"గంట కొట్టిన్రు, ఇనవడ్తలేదారా?" అన్నాడు. "పో."